గుండీలు ఏడు, ఖాళీలు ఆరు

చొక్కాకి గుండీలు కుట్టడం కూడా ఒక పనేనా అనేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళెప్పుడూ కుట్టి ఉండరు. మెడ దగ్గర మొదటి గుండీ ఎక్కడ పడాలో, అంచు దగ్గర చివరిది ఎక్కడ ఆగాలో ముందు గుర్తు పెట్టుకోవాలి. ఆ రెండింటి మధ్యా టేపు పెట్టి కొలవాలి. ఇరవై ఒక్క అంగుళాలు వచ్చిందనుకుందాం. గుండీలు ఏడు కదా అని ఏడుతో భాగించి, మూడేసి అంగుళాలకి సుద్దముక్కతో చుక్కలు పెట్టుకుంటూ పోతే, ఏడో చుక్క మూడంగుళాలు పైనే ఆగిపోతుంది. కింద చొక్కా నోరు వెళ్ళబెట్టుకుని ఉంటుంది. భాగించాల్సింది ఆరుతో.

ఆ షాపులో కాజాలూ గుండీలూ చూసుకునే ఆమెకి ఈ సంగతి ఇరవై ఏళ్ళుగా తెలుసు. అయితే తనకి తెలుసన్న సంగతి మాత్రం సోమవారం మధ్యాహ్నం దాకా ఆమెకే తెలియదు.

భోజనాల వేళ. కటింగు టేబుల్ చివర కూర్చుని, ఒడిలో ఏడు చొక్కాల మూట పెట్టుకుని, ఆమె ఫోన్ తెరిచింది. గ్రూపులో గగ్గోలుగా ఉంది.

"చచ్చాను. హోంవర్క్ రేపు పొద్దున్నే ఇవ్వాలి. నా రోడ్డు మీద చివరి దీపం వెలగట్లేదు," అని రాసింది ఎవరో కాదు, తొందర అని పేరు పెట్టుకున్నవాడు. ఆ అబ్బాయి ఏ హోంవర్కూ ముందురోజు వరకూ ముట్టుకోడు.

ఆమె చేరిన కోర్సు లెక్కలూ ప్రోగ్రామింగూ కలిపి చెప్పేది. వారానికి రెండు సాయంత్రాలు కంప్యూటర్‌లోనే క్లాసు. ముప్ఫై మందికి పైగా చదివే ఆ క్లాసులో ఒక పన్నెండు మంది కలిసి ఈ గ్రూపు పెట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, అసలు పేర్లతో పని లేదు, హోంవర్కులు పంపేదీ పెట్టుకున్న పేర్లతోనే. అందరిలోకీ తెలివైన అమ్మాయి బుర్ర. కాజాలు కుట్టే ఆమె పేరు నత్త. ఆ పేరు పెట్టింది ఆమె కూతురే. ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక్కో వేలితో కొడుతుంటే, "అమ్మా, నువ్వు నత్తవి," అంది పిల్ల. అదే ఖాయమైంది.

గ్రూపుకి ఒకటే కట్టుబాటు. దారి చెప్పొచ్చు, సమాధానం చెప్పకూడదు. ప్రోగ్రామ్ ముక్క ఎవరైనా గ్రూపులో పెట్టారా, వారం రోజుల పాటు వాళ్ళ పేరు సున్నా. తొందర ఇప్పటికి రెండుసార్లు సున్నా అయ్యాడు.

"ఏ కోడూ పెట్టకు. మాటల్లో చెప్పు," అంది బుర్ర.

"రెండొందల పది మీటర్ల రోడ్డు. ముప్ఫై అయిదు మీటర్లకో దీపం. భాగిస్తే ఆరు. ఆరుసార్లు లూప్ తిప్పాను. ఆరు దీపాలొచ్చాయి. రోడ్డు చివర చీకటి."

"ఏడుసార్లు తిప్పు."

"ఎందుకు తిప్పాలి? ఊరికే ఒకటి కలిపేస్తే సార్ ఎందుకు కలిపావంటారు. ఏం చెప్పను?"

ఎవరూ మాట్లాడలేదు. అందరూ ఊరికే ఒకటి కలిపినవాళ్ళేనన్నమాట. బుర్ర కూడా ఏదో మొదలుపెట్టి ఆగిపోయింది.

ఆమె చేతిలో చొక్కా ఉంది. చుక్కలు పెట్టడం అయింది, ఇంకా సూది దిగలేదు. ఏడు చుక్కలు. ఆమె వాటి వంక చూసింది, ఫోన్ వంక చూసింది. వెంటనే సుద్ద చేతులతోనే కొట్టడం మొదలుపెట్టింది. నత్త కదా, మూడు నిమిషాలు పట్టింది.

"అందరూ మీ ఒంటి మీద చొక్కా చూసుకోండి. గుండీలు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత గుండీకీ గుండీకీ మధ్య ఖాళీలు ఎన్నో లెక్కపెట్టండి."

"నేను టీషర్ట్‌లో ఉన్నా. ఆగండి, అన్నయ్య చొక్కా తెస్తా."

"నాకు గుండీలు ఏడు. ఖాళీలు ఆరు."

"నాకూ!"

"చొక్కా అన్నయ్య ఒంటి మీదే ఉంది. వాడు కదలకుండా నిలబడట్లేదు."

"ఒరేయ్, అర్థమైంది! భాగిస్తే వచ్చేవి ఖాళీలు. దీపాలు కాదు. మొదటి గుండీకి ముందు ఖాళీ లేదు, అందుకని గుండీ ఒకటి ఎక్కువ."

"నాది ఒక గుండీ ఊడిపోయింది. ఖాళీలు అయిదా?" అని అడిగారొకరు. దానికి అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు గానీ ఆమె నవ్వలేదు. మంచి ప్రశ్నే. సాయంత్రం దాకా కుడుతూ ఆలోచించింది.

"ఒరేయ్ నత్తా, నువ్వు మామూలోడివి కాదురా," అని చివరికి బుర్ర రాసింది.

అందరూ ఆమెని కూడా తమలాగే పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్ళ పిల్లాడనుకుంటున్నారు. మొదటిసారి ఒరేయ్ అన్నప్పుడు ఆమె ఉలిక్కిపడి, షాపులో ఎవరైనా విన్నారేమో అన్నట్టు చుట్టూ చూసింది. నలభై రెండేళ్ళ జీవితంలో ఆమెని ఎవరూ ఒరేయ్ అనలేదు. రానురాను ఆ పిలుపు బాగుందనిపించింది. ఇంట్లో అమ్మ, వీధిలో ఆంటీ, షాపులో కాజాలావిడ. ఇక్కడ మాత్రం పన్నెండు మందిలో ఒకడు.

*

మంగళవారం తెల్లారి, వంటింటి బల్ల మీద కూతురి కంప్యూటర్ పెట్టుకుని ఆమె తన హోంవర్క్ తనే రాసుకుంది. ఎదురుగా కూతురు తల దువ్వుకుంటోంది. తొమ్మిదో తరగతి పిల్ల. చిక్కు తీసుకుంటూనే తల్లి రాసేదాన్ని వంగి వంగి చూస్తోంది.

దీపాల సంఖ్యకి ఒక పేరు పెట్టాలి. ఆమె ఇంగ్లీషు అక్షరాలతో గుండీ అని కొట్టింది. కాసేపు చూసింది. చెరిపేసి, పాఠంలో ఉన్నట్టు ఎక్స్ అని పెట్టింది. ఖాళీ అన్నదీ చెరిపేసి ఎన్ అని పెట్టింది.

"ఎందుకు తీసేశావ్? బాగుందిగా?" అంది కూతురు.

"రోడ్డు మీద గుండీలేంటే. సార్ నవ్వుతారు."

"ఎక్స్ అంటే నవ్వరా?"

"అది పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంటే నవ్వు రాదా?"

"నీ జడ నువ్వు వేసుకో," అంది ఆమె. పిల్లకి చెప్పడానికి జవాబు లేనప్పుడు తల్లులకి జడలు గుర్తొస్తాయి. నిజానికి ఆమెకి సిగ్గు. కుట్టుమిషన్ దగ్గర కూర్చునే మనిషి లెక్కలు నేర్చుకుంటోందని ఎవరికీ తెలియకూడదు. ఆ గుండీ అన్న మాట తన షాపు గుమ్మాన్ని పట్టిస్తుందేమోనని భయం.

"ఈ మార్కులు ఇంత ముఖ్యమా?" అంది పిల్ల.

"మార్కులు కాదు. వచ్చే మంగళవారం నుంచి వంపుల పాఠం."

గోడకి మేకుకి ఖాకీ కాగితం నమూనాలు వేలాడుతున్నాయి. చొక్కా ముందు ముక్క, వెనక ముక్క, చేయి. చేయి అతికే చంక గుండ్రం దగ్గర, షాపులోనూ ఇంట్లోనూ, ఆమె కత్తెర వేల సార్లు తిరిగింది. ఎలా తిప్పాలండీ అని షాపు పెద్దాయనని కొత్తలో అడిగితే, "చెయ్యే చెబుతుంది," అన్నాడాయన. ఇరవై ఏళ్ళయింది, చెయ్యి చెబుతూనే ఉంది. కానీ ఏం చెబుతోందో ఆమెకి తెలియదు. ఆ గుండ్రాన్ని ఒక లెక్కలో రాయొచ్చనీ, ఆ లెక్క ఇస్తే కంప్యూటర్ దాన్ని గీస్తుందనీ కోర్సు కాగితంలో చదివినరోజు ఆమె కుట్టిన కాజాలు మూడు వంకర పోయాయి. ఆ పాఠం కోసమే చేరింది. ఆ పాఠం దాకా చేరితే చాలు.

హోంవర్క్ పంపేసి, పిల్లకి జడ తనే వేసింది.

*

బుధవారం మధ్యాహ్నం సారు దగ్గర్నుంచి క్లాసు మొత్తానికి ఒక నోటీసు వచ్చింది. ఆమె చొక్కా పక్కన పెట్టి చదివింది. ఒకసారి చదివితే నమ్మకం కుదరక మళ్ళీ చదివింది.

దీపాల హోంవర్కులో పదకొండు మంది గుండీ, ఖాళీ అన్న పేర్లు వాడారు. ప్రశ్నలో గుండీల ప్రసక్తే లేదు. కాబట్టి ఇది ఒకే చెయ్యి రాసిన ప్రోగ్రామ్ అనీ, పదకొండు మంది అందులోంచి కాపీ చేశారనీ తేలిపోయింది. ఆ పదకొండు మందికీ సున్నా. గడువు లోపల ఇతరుల హోంవర్కులో చెయ్యి పెట్టినవారిని కోర్సు నుంచి తొలగించాలన్నది నిబంధన. ఆ మూలం ఎవరో గురువారం సాయంత్రంలోగా చెబితే మిగతావారికి మళ్ళీ రాసే అవకాశం ఇస్తాను. సొంతంగా, శుభ్రంగా రాసిన తొమ్మిది మందిని మాత్రం అభినందిస్తున్నాను.

ఆ తొమ్మిది పేర్లలో నాలుగోది నత్త.

ఆమెకి తల తీసేసినట్టయింది. అందరికీ చెప్పింది తను. చెప్పింది విని, నచ్చి, ఆ మాటే పేరుగా పెట్టుకున్నవాళ్ళు దొంగలయ్యారు. చెప్పిన మాటని తానే చెరిపేసుకున్న మనిషికి మెప్పు దక్కింది. ఎదుటివాడి చెంప మీద కొట్టి, తన చెంప మీద ముద్దు పెట్టినట్టుంది వ్యవహారం.

గ్రూపు తెరిచింది.

"నాకు సున్నా అలవాటే గానీ, ఈసారి నేను నిజంగా నేనే రాశాను. అదే బాధ," అని తొందర.

"నేనూ."

"నేను రెండు గంటలు కూర్చున్నా."

"మూలం ఎవరో చెప్పమంటున్నారు. చెప్పడానికేముంది, అన్నయ్య చొక్కా!"

ఎవరూ నత్త పేరెత్తలేదు. ఎత్తకపోగా, ఆమె ఒక్క అక్షరం కొట్టేలోపే బుర్ర రాసింది. "నత్తా, నువ్వు నోరు మెదిపావంటే ఊరుకోను. మా అందరిలో నీ ఒక్కడికైనా మార్కులొచ్చాయి. రేపు నేనే అని రాసేస్తా. తీసేస్తే తీసేస్తారు, వచ్చే ఏడు మళ్ళీ చేరతా."

"అది అబద్ధం కదా," అని కొట్టింది ఆమె.

"సార్ రాసింది మాత్రం నిజమా?"

అందరూ బుర్రని వద్దన్నారు. బుర్ర వినే రకం కాదు. ఆమె ఫోన్ మూసి, సూదిలో దారం ఎక్కించబోయింది. నాలుగుసార్లు తప్పింది. మొహం కూడా తెలియని ఆ బుర్ర ఊళ్ళో ఎక్కడో కూర్చుని తన కోసం వెళ్ళిపోతానంటోంది. ఆ అమ్మాయికి వచ్చే ఏడు ఉంది. తనకి వచ్చే మంగళవారం ఒక్కటే కనిపిస్తోంది. నోరు మూసుకుంటే ఆ మంగళవారం తనదే. ఎవరూ అడగరు కూడా. ఈ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది, వచ్చినా ఆలోచన పోలేదు.

సాయంత్రం షాపు మూసే వేళకి పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

"రేపు మధ్యాహ్నం నుంచి నేను రాను. బడికి వెళ్ళాలి."

"పిల్ల బడికా? ఏం చేసింది?"

"పిల్ల బడికి కాదు. నా బడికి."

పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు. "ఏం చేశావ్?" అన్నాడు.

*

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రెండో స్టాపు దాటాక ఫోన్ తీసి, కొట్టడం మొదలుపెడితే ఏడో స్టాపుకి అయింది.

"నేను కుర్రాడిని కాదు. నాకు నలభై రెండేళ్ళు. తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. దర్జీ పని చేస్తాను, అందుకే గుండీలు తెలుసు. సార్ గదికి వెళ్తున్నాను. బుర్రా, నువ్వేమీ రాయకు."

పంపేసి ఫోన్ ఒడిలో బోర్లా పెట్టింది. ఒక స్టాపు, రెండు స్టాపులు. మోగలేదు. తిప్పి చూసింది. పదకొండు మందీ చదివినట్టు గుర్తు ఉంది, ఎవరూ ఏమీ రాయలేదు. చివరికి తొందర రాశాడు. "ఆంటీ, ఇన్నాళ్ళూ ఒరేయ్ అన్నందుకు సారీ." ఆ వెనకే బుర్ర. "మేడమ్, మీరు వెళ్ళొద్దు ప్లీజ్."

మేడమ్! ఇంకా సారు గది చేరకముందే గ్రూపులోంచి ఎవరో తీసేసినట్టు అనిపించింది.

సారు గది మూడో అంతస్తులో, వరండా చివర. తలుపు మీద కలవడానికి వేళలు అంటించి ఉన్నాయి. లోపల రెండు కుర్చీలు, ఒక దాంట్లో కాగితాల కట్టలు, రెండో దాంట్లో సారు. ముప్ఫై దాటి ఉండవు. కిటికీ కొట్టుకోకుండా అట్టముక్క మడిచి దోపారు. ఆయన చేతి అంచు గుండీ ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. ఆమె చూపు ముందు దాని మీదే పడింది.

"రండమ్మా. ఏ విద్యార్థి తాలూకు?"

"నత్త తాలూకండీ."

"ఓ, నత్తా! బాగా రాశాడు. మీ అబ్బాయా?"

"నేనేనండీ నత్తని."

సారు కుర్చీలోంచి సగం లేచి, ఎందుకు లేచారో తెలియక మళ్ళీ కూర్చున్నారు. తర్వాత కాగితాల కట్టలు కింద పెట్టి కుర్చీ ఖాళీ చేశారు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"గుండీల సంగతి చెప్పింది నేనండీ. ప్రోగ్రామ్ ఇవ్వలేదు, ఒక్క ముక్క కూడా. మీ చొక్కాలు చూసుకోండి అన్నాను. అంతే. వాళ్ళు చూసుకున్నారు."

"చొక్కా చూసుకుంటే ప్రోగ్రామ్ రాదమ్మా."

"రాదు. అది వాళ్ళే రాసుకున్నారు."

"పదకొండు మందికీ ఒకే పేర్లు తోచాయా?"

"నేను చెప్పిన మాట కదండీ, ఆ మాటే పెట్టుకున్నారు. ఒకే టేపుతో కొలిస్తే మాత్రం అందరి కుట్టూ ఒకటవుతుందా? ఒక్కసారి చూడండి సార్."

సారు నిట్టూర్చి కంప్యూటర్ తన వైపు తిప్పుకున్నారు. మళ్ళీ ఏమనుకున్నారో, పేర్లు కనపడకుండా తెర పైభాగాన కాగితం ఒకటి అంటించి, ఆమెకీ కనపడేలా తిప్పారు. పదకొండులో మొదటిది తెరిచారు.

ఆమె వంగి చదివింది. "వీళ్ళు మెడ గుండీ ముందే కుట్టేశారు. తర్వాత ఒక్కో ఖాళీ వదిలి ఒక్కో గుండీ. అందుకని లూప్ ఆరుసార్లే."

సారు రెండోది తెరిచారు.

"ఇది కింద నుంచి పైకి వచ్చింది. చూడండి, రోడ్డు చివరి నుంచి వెనక్కి నడిచారు. ఎందుకో మరి. అదో సరదా."

మూడోది చదువుతూ ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. వచ్చిన పని, బుర్ర, మంగళవారం, అన్నీ కాసేపు ఎటో పోయాయి.

"సార్, వీళ్ళసలు లెక్కే పెట్టలేదండీ! గుడ్డ ఉన్నంతవరకూ కుట్టుకుంటూ పోయారు, అయిపోగానే ఆపారు. ఇలా చెయ్యొచ్చా? నాకు తోచనే లేదే."

"చెయ్యొచ్చు," అన్నారు సారు. ఆయన కూడా ముందుకు వంగారు. "నిజానికి నేనూ ఇది... బాగుంది ఇది."

నాలుగోదాంట్లో ఖాళీలు లేకుండా అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రెండుచోట్ల రాసింది కొట్టేసి మళ్ళీ రాసిన గుర్తులు. ఆమె ఫక్కున నవ్వింది. ఎవరిదో కాగితం కింద చూడక్కర్లేదు, ఇది తొందర. పేరు మాత్రం పైకి చెప్పలేదు.

పదకొండూ అయ్యేసరికి సారు మొహంలో రంగు మారింది. అయినా ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. "సరే. కాపీ కాదనే అనుకుందాం. కానీ సొంతంగా రాస్తే ఎలా ఉంటుందో ఇవి చూడండి," అంటూ మెచ్చుకున్న తొమ్మిదింటి జాబితా తెరిచారు. "మీది కాక ఎనిమిది. పుస్తకంలో పేర్లు, శుభ్రమైన అమరిక."

నిజమే, శుభ్రంగా ఉన్నాయి. ఆమె మొదటిది చదివింది. మధ్యలో ఒక వరుస దగ్గర ఆగింది. రోడ్డు వెడల్పుకి ఒక పేరు పెట్టి, పన్నెండు అని రాసి ఉంది. ప్రశ్నలో వెడల్పు ఎక్కడా లేదు. తర్వాత ప్రోగ్రామ్‌లో ఆ పన్నెండుని ఎవరూ ముట్టుకోలేదు.

"పాపం, కచ్చా కుట్టు విప్పడం మరిచిపోయారు," అంది.

"అంటే?"

"అసలు కుట్టు వేసేముందు గుడ్డ కదలకుండా వదులుగా ఒక కుట్టు వేస్తామండీ. పని అయ్యాక లాగేస్తాం. ఇది లాగలేదు."

రెండోది తెరిచారు. అందులోనూ వెడల్పు పన్నెండు. మూడోదాంట్లోనూ అదే వరుస, అదే చోట.

"ఇదేంటండీ, అందరూ ఒకేచోట విప్పడం మరిచిపోయారు?" అని అడిగింది ఆమె. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అడిగేశాక, తను అన్నమాటకి అర్థం ఏమిటో ఆమెకే తట్టి నాలుక్కరుచుకుంది.

సారు మిగతా అయిదూ తెరిచారు. పన్నెండు, పన్నెండు, పన్నెండు. ఎక్కడో నెట్‌లో దొరికిన పాత ప్రోగ్రామ్ ఒకటి, ఎనిమిది మంది చేతుల మీదుగా శుభ్రంగా దిగింది. దాంట్లో గుండీలాంటి వింత మాట ఒక్కటీ లేదు కాబట్టి ఎవరి కన్నూ దాని మీద పడలేదు.

"నేను వాళ్ళని పట్టివ్వడానికి రాలేదు సార్," అంది ఆమె, గొంతు తగ్గించి.

"మీరు పట్టివ్వలేదు. నేను చూడలేదు," అన్నారు సారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు నులుముకున్నారు. "గుండీ అన్న మాట చూడగానే నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో మిగతావి చదవనే లేదు. పేర్లు చూసి వదిలేశాను."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"పదకొండు మంది సంగతి నేను సరిచేస్తాను. ఇవాళే," అన్నారాయన. "కానీ మీ సంగతి ఉంది. గడువు లోపల చెయ్యి పెట్టకూడదన్న నిబంధన నేను పెట్టింది కాదు. మూలం ఎవరో తెలిస్తే తొలగిస్తానని పైవాళ్ళకి కూడా రాసేశాను. మీరొచ్చి మీరేనని చెబుతున్నారు."

"చెబుతున్నానండీ."

"ఆ నోటీసు రాయడానికి ముందు మీరొచ్చి ఉంటే..." అని ఆయన మాట మింగేశారు.

ఆమెకి వచ్చేటప్పుడే తెలుసు. తెలిసి ఉండటం వేరు, ఎదుటి మనిషి నోటి నుంచి వినడం వేరు. లేచి, సంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు దాకా వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగింది.

"ఎలాగూ తీసేస్తున్నారు కదా, ఒక్కటి అడగనా సార్? ఆ పాఠం నేను వినను కాబట్టి. వంపుని లెక్కలో ఎలా రాస్తారు?"

"ఏ వంపు?"

"చంక గుండ్రం."

సారు అర్థం కానట్టు చూశారు. ఆమె వెనక్కి వచ్చి, బల్ల మీద పెన్సిలూ కాగితమూ అందుకుని, నిలబడే ఒక్క ఊపులో గీసింది. భుజం దగ్గర నిలువుగా దిగి, లోపలికి ఒంగి, కింద అడ్డంగా తిరిగింది గీత. చెయ్యి ఎక్కడా ఆగలేదు. సారు ఆ గీత వంక చూస్తూ ఉండిపోయారు.

"ఇంత నున్నగా నేను గీయలేను," అన్నారు. "సరే చూడండి. వంపు అంటే చిన్న చిన్న తిన్నటి గీతలే. ఒక్కో చోట ఎంత పక్కకి వెళితే ఎంత కిందికి దిగాలో ఒక లెక్క చెబుతుంది." ఆమె గీసిన దాని మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీసి చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు.

"కానీ ముందు ముక్కకి లోతు ఎక్కువండీ, వెనక ముక్కకి తక్కువ. ఒకే లెక్క రెండింటికీ ఎలా సరిపోతుంది?"

"సరిపోదు. రెండు లెక్కలు కావాలి."

"మరి చంక కింద ఆ రెండూ కలిసే చోట? అక్కడ మొన తేలిందంటే చొక్కా మొహాన కొడతారు."

సారు పెన్సిల్ ఆగిపోయింది. "అదే!" అన్నారు, గొంతు పెంచి. "అదే పాఠమంతా. కలిసే చోట రెండూ ముట్టుకుంటే చాలదు, రెండింటి వాలూ ఒకటి కావాలి. పుస్తకంలో ఇది చెప్పడానికి నాకు మూడు క్లాసులు పడుతుంది, ఎవరికీ ఎక్కదు. మీరు దాన్ని చేత్తో ఎలా చేస్తారు?"

"రెండు ముక్కల్నీ పక్క కుట్టుకి సరిగ్గా అడ్డంగా తెచ్చి ఆపుతామండీ. ఇలాగ. అప్పుడు కలిపితే ఒకే గీతలా పోతుంది."

"అడ్డంగా అంటే వాలు సున్నా. రెండు పక్కలా సున్నా!" సారు ఇంకో కాగితం లాగారు. ఆమె సంచీ ఎప్పుడు కింద పెట్టిందో, ఎప్పుడు కూర్చుందో చూసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా చెయ్యి చెబుతున్న మాట ఇప్పుడు అంకెల్లో ఒక్కొక్కటే బల్ల మీదికి వస్తోంది. కొన్ని అర్థమవుతున్నాయి, కొన్ని కావట్లేదు. కానివాటి దగ్గర ఆమె ఆపి అడిగింది. రెండుచోట్ల సారు తడబడి, కొట్టేసి మళ్ళీ రాశారు.

తలుపు మీద ఎవరో తట్టారు. వేళ చూసుకుని సారు ఉలిక్కిపడ్డారు. బయట ఇద్దరు విద్యార్థులు ఎదురుచూస్తున్నారు.

"ఇవాళ్టికి ఇంతే అవుతుంది," అన్నారాయన కాగితాలు సర్దుతూ. "ఈ మిగతా సగం మంగళవారం క్లాసులో చెబుతాను."

అన్నాక, ఆయన చెయ్యి కాగితాల మీద ఆగిపోయింది. తలుపు అవతల పిల్లలు ఏదో గుసగుసలాడుకుంటున్నారు. సారు ఆమె వంక చూసి, కిటికీలో దోపిన అట్టముక్క వంక చూసి, మళ్ళీ ఆమె వంక చూశారు.

"పైవాళ్ళకి నేను రాసుకుంటాను," అన్నారు. "ఎవరూ ఎవరి హోంవర్కులోనూ చెయ్యి పెట్టలేదని రాస్తాను. అది నిజం కదా."

"నిజమేనండీ."

"కానీ మీ హోంవర్క్ మాత్రం వెనక్కి పంపిస్తున్నాను. మార్కులు ఇవ్వను. ఆ ఎక్స్, ఎన్ మీవి కావు. మీకు తోచింది తోచినట్టు రాసి పంపండి."

ఆమె సంచీ తీసుకుంది. తలుపు దాకా వెళ్ళింది. బయట పిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆమె గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరిగింది.

"గడువు ఎప్పటిదాకా సార్?"